చిన్నదాని చేతిలో తాళంచెవి



మన బొబ్బిలి సంఘంలోని ఒక తమ్ముడు యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాస్తాడు. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడెవరో ఆన్‌లైన్‌లో సందేహం అడిగితే, "ముందు మాన్యువల్ చదువుకో, మా టైం తినకు" అని జవాబిచ్చాడట. "ఆ కుర్రాడు మళ్లీ ఏదీ అడగలేదు పాస్టర్ గారూ" అన్నాడు, తల దించుకుని.

తర్వాత తనే ఒక సంగతి చెప్పాడు. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కొన్నాళ్లకే పదే పదే రీసెట్ అయింది. దానిలో నడిచేది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైం ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ముఖ్యమైన పనులు గడువులోగా అయితీరాలి. వాతావరణ వివరాలు చూసే చిన్న పని చేతిలో తాళంచెవి లాంటిది ఒకటి ఉండిపోయింది. అదే కావాలని ముఖ్యమైన పని కాచుకుని ఉంది. ఈలోగా మధ్యరకం పనులు వచ్చి చిన్నదాన్ని పక్కకు నెట్టేశాయి. చిన్నది కదలలేదు, పెద్దదీ ఆగిపోయింది. గడువు దాటింది.

ఇంజనీర్లు చిన్నదాన్ని తీసెయ్యలేదు. చెవి వదిలేదాకా దానికి పెద్దదాని హోదా ఇచ్చారు.

నాకు పోయిన ఆదివారం గుర్తొచ్చింది. తడుముకుంటూ వాక్యం చదువుతున్న పాపను, "చాలమ్మా, కూర్చో, టైమైపోతోంది" అన్నాను.

తమ్ముడు ఆ కుర్రాడికి మళ్లీ రాశాడు. జవాబింకా రాలేదు. ఈ సాయంత్రం నేను ఆ పాప ఇంటికి వెళ్తున్నాను. మా ఇద్దరి కోసం ప్రార్థించండి.