చప్పుడు కాని దుముకు

మా అమ్మాయికి పండ్రెండవ యేడు. తిరుపతిలోనే, మా యింటికి రెండు వీధుల యావల నొక గురువుగారివద్ద కూచిపూడి నేర్చుకొనుచున్నది. నిరుడు నవరాత్రులలో నాట్యము చేయవలెనని గురువుగారు చెప్పినది మొదలు దానికి దుముకు పిచ్చి పట్టినది. ప్రొద్దున లేచి హాలులో కడప బండలమీద ఎగురుటయే పని. నేను వంటయింటినుండి "ఇంకను పైకెగురవే!" యని యుత్సాహపఱచుచుంటిని. మా అత్తగారు మాత్రము "ఇల్లదరిపోవుచున్నదమ్మా" అనెడివారు. చాదస్తమనుకొంటిని.

నెల తిరుగకమునుపే, పిల్ల మెట్లు దిగునపుడు గోడ పట్టుకొనుట కనిపెట్టితిని. అడిగిన "ఏమియు లేదమ్మా" యనెను. చూడగా మోకాటిచిప్పక్రింద వాచియున్నది. చెప్పినచో నాట్యము మాన్పింతునని భయపడి దాచినదట! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పైకెగురుమన్నది నేనే కదా.

మోకాటిచిప్పనుండి దిగు స్నాయువు కాలియెముక నంటు చోటు ఎదుగు పిల్లలలో ఇంకను గట్టిపడి యుండదనియు, మాటిమాటికి దుమికిన ఆ లాగుడువలన నొప్పి పుట్టుననియు డాక్టరుగారు చెప్పిరి. నొప్పి తగ్గువఱకు ఎగురరాదనిరి. నవరాత్రులు గడచిపోయినవి. పిల్ల రెండు దినములు నాతో మాటలాడలేదు.

అప్పుడే నేను దుముకును గూర్చి చదువ మొదలిడితిని. నందికేశ్వరుని అభినయదర్పణములో ఉత్ప్లవనములు ఐదు: అలగము, కర్తరి, అశ్వము, మోటితము, కృపాలగము. పేర్లు సొంపుగానే యున్నవి గాని, దిగుట యెట్లో నాకు బోధపడలేదు. అది పాశ్చాత్యుల బాలే నృత్యమువలన తెలిసినది. కళాక్షేత్రమును 1936లో స్థాపించిన రుక్మిణీదేవిగారును తొలుత అన్నా పావ్లోవా బృందములోని క్లియో నార్డీవద్ద బాలే నేర్చినవారే. అందు ఎగురుటకు ముందును, దిగిన పిదపను మోకాళ్ళు వంచుదురు. దానిని ప్లియే అందురు. నాకు మన అరమండి జ్ఞప్తికి వచ్చెను. దిగునపుడు మొదట వ్రేళ్ళు, పిదప పాదపు ముందుభాగము, తుదకు మడమ నేల నానవలెను. మోకాలు వ్రేళ్ళ దిక్కునకే వంగవలెను గాని లోపలికి వాలరాదు. అట్లయిన చీలమండ, మోకాలు, తుంటి మూడును తాకిడిని పంచుకొనును. దిగునపుడు కాళ్ళమీద పడునది శరీరపు బరువునకు కొన్ని రెట్లట! అందుకే వారి అభ్యాసశాలలలో నేలను చెక్కతో, అడుగున కొంచెము లొంగునట్లు కట్టుదురు. మా కడప బండ యేమి లొంగును?

నొప్పి తగ్గిన పిదప గురువుగారు వెంటనే దుముకు చెప్పలేదు. గోడ పట్టుకొని మడమ లెత్తి మెల్లగా దింపుట, అరమండిలో నిలుచుట, అటుపిమ్మట దినమునకు పది చిన్న దుముకులు. చప్పుడు కారాదన్నది ఒక్కటే నియమము. ఎత్తు సంగతి యెవ్వరును ఎత్తలేదు. చిత్రమేమనగా, పిల్ల యిప్పుడు మునుపటికంటె ఎత్తుగానే యెగురుచున్నది. వంగుటలో బలము వచ్చిన కొలది ఎగురుటయు హెచ్చినది.

ఇపుడు నేను పోపు వేయుచు చెవి యొగ్గి యుందును. నిన్న ఎంతసేపటికిని చప్పుడు లేదు. సంతోషించి తొంగి చూతును గదా, అత్తగారును మనుమరాలును ఉయ్యాలబల్లమీద కూర్చుండి మురుకులు తినుచుండిరి.