తీగ రోడ్డు పక్కన అయిదు వాట్లు

బెంటన్‌విల్ చూడవచ్చిన చుట్టాలకు మేము చూపించే వరస ఒకటి స్థిరపడిపోయింది. ముందు ఊరి సెంటరు. అక్కడ శామ్ వాల్టన్ 1950లో తెరిచిన చిల్లర సామాన్ల కొట్టు, ఇప్పుడు మ్యూజియం. తరువాత అడవి మధ్య లోయలో నీటి మడుగుల మీద కట్టిన క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రశాల. 2011లో తెరిచారు. ప్రవేశం ఉచితం కనుక మనవాళ్లకు మరీ నచ్చుతుంది. ఆ తరువాత 2025లో తెరిచిన వాల్‌మార్టు కొత్త కార్యాలయాల ఆవరణ. "మూడువందల యాభై ఎకరాలండీ" అని నేననగానే మా మామగారు మనసులో వరి దిగుబడి లెక్క వేసుకున్నారు. ఆ పైన ఇంటికొచ్చి పప్పూ అన్నం.

ఈ వరసలో లేని చోటుకు నేను నెలకు ఒకటి రెండు శనివారాలు తెల్లవారకముందే బయలుదేరి పోతాను. వీపున సంచీ, సంచీలో అయిదు వాట్ల రేడియో, చిన్న బ్యాటరీ, మడత విప్పితే నిలబడే ఏరియల్, ఫ్లాస్కులో కాఫీ. "డాక్టరు గారు చేపలు పట్టడానికి వెళతారా అండీ?" అని ఒకావిడ మా ఆవిడను అడిగారట. దాదాపు అదే పని. పట్టుకొచ్చినది కూర వండుకోవడానికి పనికిరాదు, అంతే తేడా.

ఆ చోటు పీ రిడ్జ్ యుద్ధభూమి. ఊరికి ఈశాన్యంగా 62వ నంబరు రోడ్డు మీద పోతే అరగంటలో వస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో 1862 మార్చి 7, 8 తేదీలలో ఉత్తరాది, దక్షిణాది సేనలు ఇక్కడ తలపడ్డాయి. ఉత్తరాది గెలిచి మిస్సోరీని నిలబెట్టుకుంది. ఇప్పుడది జాతీయ పార్కు, నాలుగువేల ఎకరాల పైచిలుకు. ఏడు మైళ్ల చుట్టుదారిలో కారు ఆపుకుంటూ చూడవచ్చు. మధ్యలో ఎల్క్‌హార్న్ టావెర్న్ అనే పాత సత్రం, దాని ముందునుంచి పోయే మట్టిదారి ఉన్నాయి.

ఆ మట్టిదారి పేరే నన్ను మొదట ఆపింది. టెలిగ్రాఫ్ రోడ్డు. 1860లో మిస్సోరీ నుంచి ఈ దారి వెంట తంతి తీగ వేశారు. జనం దాన్ని వైర్ రోడ్డు అన్నారు, అంటే తీగ రోడ్డు. రోజర్స్‌లోనూ ఫయట్‌విల్‌లోనూ ఓల్డ్ వైర్ రోడ్డు అనే బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. తీగ ఏనాడో పోయింది, పేరు మిగిలింది. తీగ రాకకు ఇరవైయేళ్ల ముందు ఇదే దారిన చెరోకీ ప్రజలను సొంత ఊళ్ల నుంచి వెళ్లగొట్టి పడమటికి నడిపించారు. ఆ సంగతి చెప్పే బోర్డు ముందు మన చుట్టాలెవరూ ఎక్కువసేపు నిలబడరు. నేనూ మొదట్లో నిలబడలేదు.

తీగ అంటే మా ఇంట్లో తాతయ్య. బందరు తంతి ఆఫీసులో పనిచేసేవారు. నా పదో యేట ఇత్తడి గ్లాసు మీద చెంచాతో కొట్టి నాకు మోర్సు నేర్పింది ఆయనే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చిన రోజున ఆయన డ్యూటీలో ఉన్నారు. మా పెద్దమేనత్తను నాగాయలంక వైపు పల్లెలో ఇచ్చారు. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, రోడ్లు మునిగాయి. ఊరందరి కబుర్లూ అందజేసిన మనిషి కన్నకూతురి కబురు తెలియక, పలకని మీట ముందు కూర్చున్నారని మా నాయనమ్మ చెప్పేది. అయిదో రోజున ఒక మనిషి నడిచి వచ్చి చెప్పాడు. మేనత్త, మామయ్య బతికారు. పిల్లలిద్దరూ దక్కలేదు. తాతయ్య నా దగ్గర ఈ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మోర్సు మాత్రం విసుగు లేకుండా నేర్పారు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. అప్పటికి ఆయన లేరు.

సరే, రేడియో ఇంట్లో కూర్చుని నడుపుకోవచ్చు కదా, యుద్ధభూమి దాకా ఎందుకూ అని అడుగుతారు. మా కాలనీ సంఘం వారి నిబంధనల పుస్తకంలో ఏరియల్ మీద ఒక పేరా ఉంది. ఇంటి మీద టీవీ డిష్ పెట్టుకోవచ్చు. దానికి 1996 నాటి ఎఫ్.సి.సి. నియమం అండగా ఉంది. హామ్‌ల ఏరియల్‌కు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకూ సేవకూ రేడియో నడిపే మాబోటివాళ్ల ఏరియల్‌కు, ఆ అండ లేదు. మనలో చాలామంది ఇలాంటి కాలనీల్లోనో అపార్ట్‌మెంట్లలోనో ఉంటున్నాం కనుక వివరించనక్కరలేదు.

పీ రిడ్జ్‌లో ఇంకో చిక్కు. అక్కడి మట్టిలో ఇంకా తుపాకీ గుళ్లూ సిపాయిల గుండీలూ ఉన్నాయి. మెటల్ డిటెక్టరు తెచ్చి వెతకడం నేరం. నేలలో మేకు దిగ్గొట్టకూడదు, చెట్టుకు తీగ కట్టకూడదు అని మొదటి రోజే ఆఫీసులో అడిగి తెలుసుకున్నాను. అంటే తనంత తాను నిలబడి, బల్ల పక్కన ఇమిడి, తిరిగి వచ్చేటప్పుడు గడ్డిపోచ కూడా చెదరని ఏరియల్ కావాలి.

తిరకాసంతా ఇక్కడే. నేను వాడేది ఇరవై మీటర్ల బ్యాండు, 14 మెగాహెర్ట్జ్ ప్రాంతం. అల పొడవు సుమారు ఇరవై ఒక్క మీటర్లు. దానికి సరైన ఏరియల్ అందులో సగం, అంటే పది మీటర్ల తీగ, దండెంలాగా రెండు చెట్ల మధ్య. మన ఊళ్లలో పాత రేడియోలకు మేడ మీద ఇలాగే కట్టేవారు. నిలువు ఊచ అయితే పావు వంతు, అయిదు మీటర్లు చాలు; కాని కింద నేల మీద నాలుగు తీగలు పరవాలి. నా దగ్గరున్నది అందులోనూ సగం. ముక్కాలి మీద నిలబడే రెండున్నర మీటర్ల మడత ఊచ, అడుగున ఒక తీగ చుట్ట. ఊచ పొట్టిదైతే రేడియో దానికి శక్తినివ్వలేదు. చుట్ట ఆ పొట్టితనాన్ని సరిపెడుతుంది, కాని సరిపెట్టినందుకు వడ్డీ వసూలు చేస్తుంది. శక్తి అలగా మారి బయటికి పోవడాన్ని ప్రసార నిరోధంతో కొలుస్తారు. పూర్తి పావు వంతు ఊచకు అది ముప్పయ్యారు ఓములు, నా పొట్టి ఊచకు ఆరేడు. చుట్టలోనూ నేలలోనూ వేడిగా పోయేది దానికి రెండింతలు. లెక్కవేస్తే అయిదు వాట్లలో ఒకటిన్నర ఆకాశానికి పోతుంది, మిగిలినది ఆర్కాన్సా చీమలకు వెచ్చదనం.

వలయం ఏరియల్ అని ఇంకోటి ఉంది. మీటరు వెడల్పు రాగి చక్రం, దానికో కండెన్సరు. బాల్కనీలో కూడా పడుతుంది. దాని ప్రసార నిరోధం ఓములో పదో వంతు కూడా ఉండదు కనుక గొట్టం లావుగా, అతుకులు గట్టిగా ఉండాలి. అయిదు వాట్లకే కండెన్సరు మీద కొన్ని వందల ఓల్టులు నిలుస్తాయి. పలుకుతున్నప్పుడు ముట్టుకుంటే చర్మం మీద చిన్న తెల్లటి మచ్చ పడి మూడు రోజులు సలుపుతుంది. ఇది వైద్యుడిగా కాదు, ముట్టుకున్నవాడిగా చెబుతున్నాను. బ్యాండులో కాస్త పక్కకు జరిగినా మళ్లీ సరిచేసుకోవాలి. నాకు అంత ఓపిక లేదు. అపార్ట్‌మెంటులో ఉన్నవారికి మాత్రం నేను ఇదే చెబుతాను.

వైద్యుడిగా చెప్పవలసినది వేరే ఉంది. తీగలు పరవడానికి గడ్డిలో వంగితే పిడుదులు పడతాయి. మన పశువులకు పట్టేవాటి చుట్టాలే. ఈ రాష్ట్రంలో వాటివల్ల వచ్చే మచ్చల జ్వరమూ ఎర్లీకియోసిస్సూ కొత్తవి కావు. పొడుగు ప్యాంటు, మేజోళ్లు, ఇంటికి రాగానే స్నానం.

మరి ఒకటిన్నర వాటుతో ఎవరికి వినిపిస్తుంది? అయిదు వాట్లకూ నూరు వాట్లకూ తేడా పదమూడు డెసిబెళ్లు, అంటే అవతలివాడి మీటరు మీద రెండు గీతలకు కాస్త ఎక్కువ. అదేం పెద్ద నష్టం కాదు. పైగా మోర్సులో బలమంతా ఒక్క సన్నటి స్వరంలోకి కుదిస్తాం కనుక, మాట వినబడని చోట కూడా చుక్కా గీతా వినబడతాయి. చోటూ వేళా కుదరాలి, ముందు చాలాసేపు వినాలి. పార్క్స్ ఆన్ ది ఎయిర్ అని హామ్‌ల వేడుక ఒకటుంది. ఒక రోజులో పదిమందితో పలికితే ఆ పార్కు మన ఖాతాలో పడుతుంది. మొదటి రోజు నాకు గంటా నలభై నిమిషాలు పట్టింది. కొలరాడో, ఒహాయో, నార్త్ కరోలినా, ఒంటారియో, చివర స్పెయిన్ నుంచి ఒక పెద్దాయన. విడ్డూరమేమిటంటే పక్కనున్న రోజర్స్‌లో నేను వినపడను. అల పైకి పోయి, రెండు మూడువందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియరులో వంగి, ఎక్కడో దూరాన దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ల నెత్తి మీదుగా దాటిపోతుంది.

హైదరాబాదు సంగతి అడక్కండి. ఇక్కడినుంచి దాదాపు పధ్నాలుగువేల కిలోమీటర్లు. గ్లోబు మీద దారం పట్టి చూస్తే తూర్పుకూ కాదు పడమటికీ కాదు, ఇంచుమించు నేరుగా ఉత్తరానికి, ధ్రువం దగ్గరగా పోవాలి. సూర్యుడిలో తుఫాను రేగితే ఆ దారి మూసుకుపోతుంది. కిందటి వేసవిలో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నర, వి.యు. అక్షరాలతో మొదలయ్యే మన దేశపు స్టేషను ఒకటి సన్నగా వినబడింది. అరగంట పిలిచాను. ఆయనకు నేను వినబడలేదు. ఇంకా ప్రయత్నంలోనే ఉన్నాను.

ఇంతవరకు సరదా. 2024 మే 26, మెమోరియల్ డే వారాంతం, అర్ధరాత్రి దాటాక మా బెంటన్ కౌంటీ మీద టోర్నడోలు విరుచుకుపడ్డాయి. రోజర్స్ బాగా దెబ్బతిన్నది. పిల్లలను తీసుకుని మేము బట్టల గదిలో దూరాం. తెల్లవారేసరికి మా ఇల్లు క్షేమం. కరెంటు లేదు, సెల్ ఫోను పలకదు. రోజర్స్‌లో మనవాళ్ల కుటుంబం ఒకటి ఉంది, ఆ అమ్మాయికి ఎనిమిదో నెల. వెళదామంటే దారి నిండా చెట్లు, కరెంటు తీగలు.

చేతి రేడియో తీశాను. ఇది ఇరవై మీటర్లది కాదు, రెండు మీటర్లది. చుట్టుపక్కల ఊళ్లకు నేరుగా పోయేది. అదీ అయిదు వాట్లే. దాని రబ్బరు తోక ఏరియల్‌తో ఇంట్లోనుంచి పిలిస్తే వినబడ్డారు కాని నేను ఎవరికీ వినబడలేదు. సంచీలో చుట్టచుట్టి పెట్టిన తీగ ఏరియల్ ఉంది. పాత టీవీలకు వాడే చదును తీగతో నేనే చేసినది, మనిషెత్తు, ఖరీదు నాలుగు డాలర్లు. పిల్లల బాస్కెట్‌బాల్ స్తంభానికి దాన్ని వేలాడదీసి పిలిచాను. రోజర్స్ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి పలికాడు. వీధి పేరు చెబితే, "రెండు వీధుల అవతలే, నడిచి వెళ్లి చూసి వస్తాను" అన్నాడు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ నేను మెట్టు మీద కూర్చుని రేడియో వంకే చూశాను. మా ఆవిడ రెండుసార్లు కాఫీ తెచ్చింది, రెండూ చల్లారిపోయాయి. చివరికి పలికాడు: గ్యారేజీ మీద చెట్టు పడింది, మనుషులందరూ బాగున్నారు, ఆ అమ్మాయి నడుస్తోంది, నొప్పులు లేవు, నీళ్లున్నాయి. ఆ రాత్రి మా నాన్నగారికి ఫోను కలిసినప్పుడు ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "నలభై నిమిషాలేనా" అన్నారు.

మనవాళ్లకు ఈ విద్య కొత్తది కాదు. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లి, పోర్ట్ బ్లేర్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో పలుకుతుండగానే 26వ తేదీన సునామీ వచ్చింది. వేడుకకు కట్టిన ఏరియళ్ల మీదుగానే ద్వీపాల వారి క్షేమ సమాచారాలు దేశానికి చేరాయి.

చాలామందికి తెలియని మాట ఒకటి. ఈ దేశంలో హామ్ లైసెన్సుకు పౌరసత్వం అక్కరలేదు, గ్రీన్ కార్డూ అక్కరలేదు. పరాయి ప్రభుత్వాల ప్రతినిధులు తప్ప ఎవరైనా పరీక్షకు కూర్చోవచ్చు. ఉత్తరాలు అందే చిరునామా ఇక్కడ ఉండాలి. వయోపరిమితి లేదు. మొదటి మెట్టు టెక్నీషియన్: 35 ప్రశ్నలు, 26 ఒప్పయితే చాలు. ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే ప్రకటిస్తారు. మన ఎంసెట్ గట్టెక్కినవారికి రెండు వారాల పని. మోర్సు పరీక్ష 2007లో ఎత్తేశారు. ఎఫ్.సి.సి. రుసుము 35 డాలర్లు. వ్యాపారం మాట్లాడకూడదు, రహస్య లిపి వాడకూడదు. భాష మాత్రం మన ఇష్టం. కాల్‌సైన్ ఇంగ్లీషులో చెప్పి, మిగిలినదంతా శుభ్రంగా తెలుగులో మాట్లాడుకోవచ్చు. కూర మాడిన సంగతి కూడా, ఎవరైనా వింటారన్న బెంగ లేకపోతే.

జూన్ నాలుగో వారాంతంలో హామ్‌లు ఏటేటా ఫీల్డ్ డే జరుపుతారు. కరెంటు లేదనుకుని ఆరుబయట రేడియోలు నడిపే అభ్యాసం. ఆ శనివారం మధ్యాహ్నం నేను మా కాలనీ పక్క పార్కులో చెట్టు కింద ఉంటాను. లైసెన్సు లేనివారు, పిల్లలు కూడా, నా పక్కన కూర్చుని మాట్లాడవచ్చు. చదును తీగ రెండు చుట్టలు తెచ్చి ఉంచాను, కావలసినవారికి అక్కడే ఏరియల్ చేసి ఇస్తాను. కాఫీ నాది. పులిహోర ఎవరైనా తేవాలి. పొడుగు ప్యాంట్లు వేసుకురండి. పిడుదుల సంగతి పైన చెప్పాను.