అబ్బా ఆవాజ్

మా నిజాంపేట అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటు దోస్తుది గుంటూరు. క్రైస్తవుడు. ఇద్దరివీ హైటెక్ సిటీ నౌకరీలే. ఒక రాత్రి ఇషా నమాజు చదివి మేడ మీదికెళ్తే, ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతికిచ్చి "భాయ్, ఇది విను" అన్నాడు.

గిటార్లు గోలగోలగా మోగుతున్నాయి. "ఇవి చర్చి పాటలా?" అన్నాను. నవ్వాడు.

డేనియల్ ఆమోస్ అని కాలిఫోర్నియా బ్యాండట. పేరులోనే ఇద్దరు బైబిల్ ప్రవక్తలు. డెబ్బైల్లో చర్చివాళ్లకు నచ్చే కంట్రీ పాటలు పాడేవాళ్లు. 1981లో 'అలార్మా!'తో దారి మార్చేశారు. 1986 దాకా నాలుగు ఆల్బములు, ఒకే సిల్సిలా. రెండోదైన 'డాపల్‌గ్యాంగర్'లో, నమ్మితే కొత్త కారొస్తుందని ఆశపెట్టే బోధకుల్ని ఎగతాళి చేశారు. పాత అభిమానులు కొందరు నారాజయ్యారు. 2000లో ఆ నాలుగింటినీ మూడు సీడీల్లోకి చేర్చి, పాటల మాటలు, ఫొటోలు, వ్యాసాలున్న ఒక కితాబుతో సహా మళ్లీ తెచ్చారు.

నాకు మా అబ్బా యాదికొచ్చాడు.

అబ్బా జవానీలో ఉర్సుల్లో ఖవ్వాలీలు పాడేవాడు. ఆయన ఆవాజుతో నాలుగు క్యాసెట్లుండేవి. తర్వాత జమాత్‌లో తిరిగొచ్చి, గానాబజానా గునాహ్ అన్నాడు. క్యాసెట్లు పారెయ్యలేదు, పైసలు పెట్టి కొన్నవి కదా. వాటి మీదే బయాన్లు రికార్డు చేశాడు. అమ్మీ ఏమీ అనలేదు. ఆ పూట అన్నం తినలేదు, అంతే.

అబ్బా ఈమాన్ మీద నాకు షక్ లేదు. ఆయన తౌబా సచ్చాదే. కానీ మీరే చెప్పండి దోస్తులారా, ఉర్సులో ఖుదాను పిలిచిన ఆ గొంతు ఝూటా? అదీ ఇబాదత్తే అని నా ఖయాల్. ఆ బ్యాండువాళ్లు, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, నడిచిన రాస్తా మొత్తం దాచుకున్నారు. మేము చెరిపేసుకున్నాం.

అబ్బా పోయి ఆరేళ్లు. మొన్న ఐతారం సజ్జ మీది డబ్బా దించి, పాత టేప్‌రికార్డర్‌లో ఒక క్యాసెట్ పెట్టాను. బయాన్ అయిపోయాక, టేపు ఆఖర్లో పన్నెండు సెకన్లు మిగిలాయి. చప్పట్లు, హార్మోనియం, అబ్బా తీసిన ఒక ఆలాపన. మధ్యలోనే టేపు అయిపోయింది.

అమ్మీని పిలిచి వినిపించాను. కళ్లు తుడుచుకుని "ఫిర్ సే లగా బేటా" అంది.

దోస్తు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడు. "ముందున్న బయాన్ తీసేయనా భాయ్?" అని అడిగాడు.

వద్దన్నాను. అదీ అబ్బాదే.