లష్కర్‌లో వాడి చిరునామా

బడిరోజుల్లో మొదలైన స్నేహం. ఏడాది కిందట ఆ స్నేహితుడు లేకుండా పోయాడు. వాళ్ల నాన్న తిరిగిన సికింద్రాబాద్‌ను వాడి కొడుక్కి చూపించిన ఒక ఆదివారం ముచ్చట ఇది.

సికింద్రాబాద్‌లో ఎవరినైనా దారి అడిగి చూడండి. 'సంగీత్ దగ్గర మలుపు తిరగండి' అంటారు. వెళ్లి చూస్తే సంగీత్ థియేటర్ ఉండదు, కూల్చేసి చాలా ఏళ్లయింది. 'ప్యారడైజ్‌లో దిగండి' అంటారు. అక్కడ బిర్యానీ దొరుకుతుంది కానీ, ఆ చోటుకు పేరిచ్చిన సినిమాహాలు కనిపించదు. మహాత్మాగాంధీ రోడ్డుకు కాగితాల మీద పేరు మారి దశాబ్దాలు గడిచినా పాతకాపులకు అది ఇంకా జేమ్స్ స్ట్రీటే. పక్కనున్న ఎంఎంటీఎస్ స్టేషన్ బోర్డు మీదా ఆ పేరే. అసలు 'లష్కర్' అంటేనే సైన్యం. 1798లో నిజాం అలీఖాన్ ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వాళ్ల దండు దిగింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. ఆ దండు వెళ్లిపోయింది. రెజిమెంటల్ బజార్ మాత్రం ఇంకా అదే పేరుతో ఉంది.

ఈ ఊళ్లోనే మేమిద్దరం పెరిగాం. వాళ్లది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్, మాది చిలకలగూడ. ఆరో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ తర్వాత కాలేజీలు వేరైనా, ఉద్యోగం పేరుతో వాడు బెంగళూరు వెళ్లిపోయినా ఆ బెంచీ మాత్రం విడిపోలేదు. 2024లో, ముప్పై ఆరేళ్లకే, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయాడు. వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లమ్మ వద్దన్నారు.

సంవత్సరీకానికి కుటుంబమంతా వచ్చింది. పదేళ్ల కొడుకు బెంగళూరులోనే పుట్టి పెరిగాడు. వాడికి తెలిసిన నాన్న లాప్‌టాప్ ముందు కూర్చునే నాన్న. 'బిడ్డా, వాళ్ల నాయిన తిరిగిన జాగలన్నీ ఒక్కసారి వీనికి చూపియ్యి' అంది వాళ్లమ్మ. మర్నాడు ఆదివారం. పొద్దున్నే బయల్దేరాం.

మొదటి రైలు ఎవరిది?

ముందు స్టేషన్‌కే వెళ్లాం. వాళ్ల తాత పనిచేసింది లాలాగూడ వర్క్‌షాప్‌లో. 1893లో పెట్టిన కార్ఖానా అది. చిన్నప్పుడు వాళ్లింట్లో గడియారం చూసేవాళ్లు కాదు, సైరన్ వినేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి రైళ్ల పిచ్చి ఉండటంలో వింతేముంది? కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి 1874లో ఇక్కడికి రైలుమార్గం వచ్చింది. 'సికింద్రాబాద్‌కు మొదటి రైలు ఎవరిదో చెప్పండ్రా... వాడిది!' అని తనే అడిగి, తనే చెప్పి, తనే నవ్వేవాడు. ఆ జోకు క్లాసు మొత్తానికి కంఠతా వచ్చేసింది. పిల్లాడికి చెబితే ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం పడీ పడీ నవ్వాడు.

'నాన్న ఎక్కడ నిలబడేవాడు?' అని అడిగాడు. ఆర్చీలున్న ఆ పాత భవనం ముందు. అయితే కొత్త స్టేషన్ కట్టడానికి దాన్ని 2025లో కూల్చేశారు. చేత్తో గాలిలో ఆర్చీలు గీసి చూపించాను. తలూపాడు.

2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు మేం పదో తరగతి. కొత్త రైలెక్కి లింగంపల్లి దాకా వెళ్లి, ప్లాట్‌ఫాం మీద సమోసా తిని, అదే రైల్లో తిరిగొచ్చాం. అంతకుముందయితే మా విహారయాత్ర డబుల్ డెక్కర్ బస్సులో. ఇక్కడి నుంచి జూపార్క్ వెళ్లే 7జడ్. పై అంతస్తులో ముందు సీటు పట్టుకుంటే రాజ్యం మనదే. ఒకసారి ఆ సీటు కోసం పరుగెత్తి మెట్ల మీద బోర్లా పడి మోకాలు చీరుకున్నాడని పిల్లాడికి చెప్పాను. వాడే ఉంటే, 'అబద్ధం రా బాబూ, పడ్డది వీడే' అనేవాడు. ఎవరు పడ్డారన్నది పాతికేళ్లుగా మా మధ్య తేలని పంచాయితీ. ఇప్పుడు నేనే గెలిచినట్టు. అడ్డుచెప్పేవాడు లేకపోతే ఆ గెలుపు ఎంత చప్పగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

గంటస్తంభం సాక్షిగా

అక్కణ్ణుంచి క్లాక్ టవర్. నూట ఇరవై అడుగుల ఈ గంటస్తంభాన్ని 1897 ఫిబ్రవరి ఒకటిన ప్రారంభించారు. గడియారం ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. మా వాడి దృష్టిలో ఆయన మహోపకారి. బడికి ఆలస్యమైన ప్రతిసారీ 'క్లాక్ టవర్ స్లోగా ఉంది సార్' అని చెప్పుకునే వీలు కల్పించినందుకు! మూడోసారి చెప్పినప్పుడు మా లెక్కల సారు వాణ్ణి తోడు తీసుకెళ్లి, టవర్ కింద నిలబెట్టి, తన చేతిగడియారంతో సరిచూశారు. రెండూ ఒకే టైము. దారిలో ఇద్దరికీ మిర్చీబజ్జీలు కొనిపెట్టి మరీ గోడకుర్చీ వేయించారు. ఈ ముచ్చట విని పిల్లాడు టవర్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన చేతి వాచీ చూసుకున్నాడు.

మోండా మార్కెట్ కూరగాయల గుట్టల మధ్య నుంచి జనరల్ బజార్‌లోకి వస్తే ఉజ్జయినీ మహంకాళి గుడి. 1813లో ఇక్కడ కలరా ప్రబలింది. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడట. తన ఊరు చల్లగా ఉంటే అమ్మవారికి గుడి కట్టిస్తానని అక్కడే మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి ప్రతిష్ఠ చేశాడంటారు. లష్కర్ బోనాలు ఆ తల్లివే. ఆషాఢంలో ఆ ఆదివారం మా వాడు ఇంట్లో కాలు నిలిపేవాడు కాదు. పోతరాజు కొరడా ఝళిపిస్తుంటే అందరూ వెనక్కి జరిగేవారు, వాడు ముందుకి జరిగేవాడు. సోమవారం పచ్చికుండ మీద నిలబడి చెప్పే రంగం భవిష్యవాణి వినడానికి వాళ్ల నాన్న భుజాలెక్కేవాడు. బెంగళూరు వెళ్లాక కూడా బోనాలకు సెలవు పెట్టి వచ్చేవాడు. రాలేని ఏడు నాకు ఫోన్ చేసి, 'మాట్లాడకు, డప్పు వినిపియ్యి' అనేవాడు. జనంలో ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడేవాణ్ణి.

పిల్లాడు గుడి ముందు చెప్పులు విప్పి లోపలికెళ్లాడు. కుంకుమ పెట్టుకుని వచ్చి, 'నాన్నకి భయమేసేది కాదా?' అన్నాడు. వేసేది. ముందుకి జరిగేటప్పుడు నా చొక్కా పట్టుకునేవాడు. ఆ మాటా చెప్పాను. తండ్రి ధైర్యవంతుడని చెప్పడం తేలికే. ఆ చొక్కా సంగతి చెప్పడానికి మాత్రం నేనే ఉండాలి.

ప్యారడైజ్‌లో మధ్యాహ్నం

జేమ్స్ స్ట్రీట్ మీదుగా ప్యారడైజ్ చేరేసరికి ఒంటిగంట. 1953లో సినిమాహాలు దగ్గర చిన్న క్యాంటీన్‌గా మొదలైన హోటల్ ఇది. హాలు పోయినా 2017లో వచ్చిన మెట్రో స్టేషన్‌కు కూడా ప్యారడైజ్ అనే పేరు పెట్టారు. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మా ఇద్దరి జేబుల్లో డబ్బులు కలిపితే ఒక్క బిర్యానీకి సరిపోయాయి. ముక్కలు నాకు వదిలేసి, 'నాకు మసాలా అన్నమే ఇష్టం' అన్నాడు. అది నిజమని చాలా ఏళ్లు నమ్మాను. వాడి పెళ్లిలో వాడి ప్లేటు చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు.

పిల్లాడు తింటూ తింటూ ఆగి, తన ప్లేట్లోంచి ఒక ముక్క తీసి నా ప్లేట్లో వేశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

తిరుగుదారిలో ఆటో ఎక్కాం. 'మెట్టుగూడకు ఎట్లా పోవాలె సార్?' అని డ్రైవర్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పిల్లాడు ముందుకి వంగాడు.

'సంగీత్ దగ్గర నుంచి పోనియ్ అన్నా.'

వాడు పుట్టేనాటికే ఆ థియేటర్ లేదు. డ్రైవర్ మారు మాట్లాడకుండా బండి తిప్పాడు.