నట్టులో లూజు

మరమేకులో ఉన్న ‘మర’, యంత్రాన్ని పిలిచే ‘మర’ ఒకటే మాట. ఇది నాకు మా పెరటి షెడ్డులో తెలిసింది.

అక్కడ నాన్నా నేనూ బల్ల మీద పట్టేంత చిన్న మిల్లింగ్ మిషన్ తయారు చేస్తున్నాం. నాన్నది ముప్పై ఏళ్ళ లేత్ పని. ఇనుము ఆయన వంతు, కోడ్ నా వంతు. స్టెప్పర్ మోటార్ 200 స్టెప్పులకి ఒక చుట్టు తిరుగుతుంది. ఒక చుట్టుకి మా స్క్రూ టేబుల్‌ని 8 మి.మీ. జరుపుతుంది. అంటే స్టెప్పుకి 0.04 మి.మీ. స్క్రీన్ మీద అంతా కరెక్టే.

నాన్న టేబుల్‌ని చేత్తో అటూ ఇటూ ఊపి, “నట్టులో లూజుందిరా” అన్నారు. డయల్ గేజ్ పెట్టి చూశాం. దిశ మారిన ప్రతిసారీ 0.2 మి.మీ. నట్టులోనే పోతోంది! మోటార్‌కి ఎన్ని స్టెప్పులు పంపిందో కోడ్‌కి తెలుసు, టేబుల్ కదిలిందో లేదో తెలీదు. ఆయన రెండు నట్ల మధ్య స్ప్రింగ్ పెట్టి బిగించారు. లూజు పోయింది.

“నీ చేతికి గ్రీజు అంటకూడదనే కదరా చదివించింది” అంటారు నాన్న. కానీ ఆయన చేతికి తెలిసింది ఏ ఫైల్లోనూ సేవ్ అయి లేదు. నేను నేర్చుకోకపోతే ఆయనతోనే ఆగిపోతుంది. అందుకే ఈ సెలవుల్లో లేత్ పని నేర్పమని అడిగాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ముందు ఆ ఉంగరం తియ్యి” అన్నారు.