మేనకోడలి పేరు

లెస్టర్‌లో మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇంగ్లండులో 42 రోజుల్లోగా పుట్టుక నమోదు చేయించాలట. 30వ రోజున అక్క ఫోనులో, “పర్వీన్ అనుకుంటున్నామమ్మా” అంది. ఆ పూట శాలిబండలో మా ఇంట్లో అన్నం మాడిపోయింది.

అది మా పక్కింటి ఖాలా పేరు. అమ్మ టైఫాయిడుతో ఆసుపత్రిలో ఉన్న నెలరోజులూ అక్కకు జడలేసి బడికి పంపింది ఆవిడే. అయినా నాయనమ్మ వినదే! “రేపు గుళ్ళో అర్చన చేయిస్తే ఏ పేరు చెప్పాలిరా?” అంది.

1884 దాకా నిజాం సర్కారు కచేరీల్లో నడిచింది ఫార్సీయే అనీ, దరఖాస్తు, దస్తావేజు, బజారు, గులాబి అన్నీ అక్కణ్ణించి వచ్చినవే అనీ నాన్న ఉపన్యాసం మొదలెట్టారు. (ఆయన ఉపన్యాసాలతో మా ఇంట్లో ఏ తగువూ తీరిన దాఖలా లేదు. దాఖలా కూడా అరువు మాటేననుకోండి!) “మాటలు వేరు, మనవరాలు వేరు” అని నాయనమ్మ తేల్చేసింది.

చివరికి నేనే నిఘంటువు తిరగేశాను. పర్వీన్ అంటే ఆకాశంలో కృత్తికలు. పిల్ల పుట్టింది కృత్తిక మూడో పాదంలో! అక్కకు ముందే తెలుసో లేదో ఇప్పటికీ చెప్పదు.

నాయనమ్మ పంచాంగం మూసి, “అక్షరం కుదరలేదు గానీ నక్షత్రం కుదిరింది” అంది.

విషయం తెలిసి ఖాలాయే అడ్డుపడింది. “వద్దు బేటా, పెద్దావిడ మనసు కష్టపెట్టకండి.”

నాయనమ్మ కర్ర పట్టుకుని, ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది. “పరవీణ... అంతేనా? సరిగ్గా పలకడం నేర్పు తల్లీ” అంది.

ఇప్పటికీ పరవీణే అంటోంది.