ట్రక్కుల బిరుదములు

మా మేనకోడలు పదునాలుగేండ్లుగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నివసించుచున్నది. అక్కడి యొక బడిలో పిల్లలకు గణితము చెప్పును. నగలమీద మోజు లేని పిల్ల యని మేము ఆమె చిన్ననాటినుండి నలుగురిలో గర్వముగా చెప్పుకొనుచుంటిమి. అట్టి పిల్ల రెండేండ్ల క్రిందట, తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో 1955వ సంవత్సరపు షెవ్రొలే పికప్ ట్రక్కు నొకదానిని కొన్నది. అదియు తుప్పు పట్టినది, ముందరి యద్దము పగిలినది. ఈ వార్త విని మా యింటి యాడువారు ముక్కున వ్రేలు వేసికొనిరి. మాకు మాత్రము దాని పేరు విని నవ్వు వచ్చెను. ఆ తరగతి ట్రక్కులకు "అడ్వాన్స్ డిజైన్" అని బిరుదమట. కాలముకంటె ముందు నడచు నిర్మాణమని తాత్పర్యము. డెబ్బదియేండ్ల యినుమునకు ఈ పేరేమని యడిగితిమి. హైదరాబాదులోని నయాపూలు తరములు గడచినను కొత్త వంతెనగానే యుండుట అప్పుడు మాకు తోచలేదు.

అంగడివాని పొగడ్త యనిన మాకు మొదటినుండియు గిట్టదు. వందిమాగధులను రాజు పోషించెను, ప్రకటనలు వ్రాయువారిని కంపెనీ పోషించును, ఇంతకుమించి భేదము లేదని ఆమెతో ఫోనులో నంటిమి.

"మామయ్యా, చూడకుండానే తీసిపారేయకండి. ఆ ప్రకటనలు పంపిస్తాను, ఒక్కసారి చదవండి" అని ఆమె పాత పత్రికల పుటల ఛాయాచిత్రములు కొన్ని పంపెను. వానిని ముందుంచుకొని మేము రెండు ఆదివారములు కూర్చుంటిమి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1942లో ఆ దేశమందు సామాన్య జనుల కొరకు కార్లు చేయుట నిలిచిపోయినది. ట్రక్కులకును కరవు వచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట కూడ కొంతకాలము పాత రూపములనే అమ్మిరి. కొత్త రూపములు వచ్చుట 1947లో షెవ్రొలే కంపెనీతో మొదలు. అడ్వాన్స్ డిజైన్ అను బిరుదము అప్పటిది. మరుసటి యేడు డాడ్జి కంపెనీవారు తమ ట్రక్కునకు "పైలట్ హౌస్" అని పేరు పెట్టిరి. ఓడలో చుక్కాని పట్టువాడు నాలుగు దిక్కులు చూచుచు నిలుచు గది యని దాని యర్థము. ఆ యేడే ఫోర్డువారు తమ దానిని "బోనస్ బిల్ట్" అనిరి. బోనసనగా రావలసినదానికంటె మించి యిచ్చునదని నిఘంటువులోని యర్థమును సైతము ప్రకటనలో నచ్చొత్తించిరి! నిఘంటువును సాక్షికి పిలిచిన వర్తకుని మేము అంతకుముందు చూడలేదు.

చదువగా చదువగా మాకొక సంగతి గోచరించెను. ఈ కంపెనీలు పరస్పరము పోటీదార్లే గాని, పొగడినది మాత్రము ఒక్కదానినే. ఇంజనును వెనుకకు నెట్టి, తోలువాడు కూర్చుండు గదిని ముందుకు తెచ్చిరి. ఫోర్డువారు ఆ గదికి పదిలక్షల డాలర్ల గది యని చాటిరి. షెవ్రొలేవారు తమ గది ఊపిరి పీల్చుననిరి. బయటిగాలిని లోనికి తెచ్చి, చలికాలమున వెచ్చజేసి, అద్దముల మంచును తొలగించు యంత్రమొకటి దానిలో నమర్చవచ్చును. తోలువాడును మనుష్యుడే, వానికి చలియు ఉక్కయు కలవు, వానికి దారి కనబడవలెను అను నెఱుక ఒక దేశపు వ్యాపారమున కింత బాహాటముగా కలుగుట సామాన్యముగాదు. మేము మెత్తబడితిమి. కాని ప్రకటన యడుగున సన్నని యక్షరములలో నున్నదానిని చదువగా, ఆ గాలి యంత్రమునకు వేరుగా వెల చెల్లింపవలెనని తేలినది. ఊపిరి యొకటి, ఊపిరి వెల యొకటి!

ఇంతలో ఆమె యద్దము కొనబోయి యిక్కట్టులో పడినది. విడిభాగము లమ్మువా డొకనికి ఫోను చేసి, 1955వ సంవత్సరపు షెవ్రొలే ట్రక్కునకు ముందరి యద్దము కావలెనని చెప్పి సొమ్ము పంపినది. వచ్చిన యద్దమో, రెండు కొసలును విల్లువలె ప్రక్కలకు వంగియున్నది. ఎటు పెట్టినను అమరదు. మీరు 1955 అన్నారు, మేము 1955 పంపితిమని ఆ యంగడివాడు చేతులు దులుపుకొనెను. తిరుగ పంపుటకైన ఖర్చును, దారిలో పగిలిన నష్టమును ఆమెయే భరించినది. ఒక మాసపు జీతములో అది చిన్న భాగము గాదు.

పొరపా టెక్కడనో పొరుగున నున్న వృద్ధ కర్షకుడు చెప్పినాడట. ఆ సంవత్సరమున షెవ్రొలే ట్రక్కులు రెండు తీరులు. మార్చి నెల వఱకు అమ్మినవి పాత అడ్వాన్స్ డిజైన్. ఆ పిమ్మట వచ్చినవి "టాస్క్ ఫోర్స్" అను సైనిక దళపు బిరుదము ధరించిన సరికొత్త రూపము. ఒంపు తిరిగిన యద్దము రెండవదానిది. మొదటిదానికి 1954 నుండి ఒకే పలక, అంతకుముందు నడుమ దబ్బగల రెండు పలకలు. కావున సంవత్సరము చెప్పిన చాలదు, బిరుదము చెప్పిననే గాని వస్తువు రాదు. మేము ఏ పేరును చూచి నవ్వితిమో ఆ పేరు పలికియుండినచో ఆ పిల్లకు సొమ్ము మిగిలియుండెడిది. ఇది మాకు సిగ్గు గలిగించినది. ముందుకాలపు నిర్మాణమన్న గొప్ప దానిలో నిప్పు డెవ్వరికిని వినబడదు. పొగడ్త యరిగిపోయినది, ఏ బండి యేదో తెలుపు గుర్తు మిగిలినది.

ఇక, అమ్మువాడు పేరు పెట్టనిచోట తోలువాడే పెట్టుకొనును. వాని పేర్లలో స్తోత్రముండదు. 1967 మొదలు 1972 వఱకు వచ్చిన ఫోర్డు ట్రక్కుల ప్రక్కన పొడవునా ఉబ్బుగీటు కలదు గనుక అవి "బంప్ సైడ్", అనగా ఉబ్బు ప్రక్కలవి. 1973 మొదలు 1979 వఱకు వచ్చినవాని ప్రక్కన ఆ గీటు లోనికి పోయినది గనుక అవి "డెంట్ సైడ్", సొట్ట ప్రక్కలవి. సొట్ట యను మాటను ఏ ప్రకటనకర్త వ్రాయును? మన వీథులలో 2005లో వచ్చిన టాటా ఏస్ బండిని జనులు చోటా హాథీ యనుటయు నిట్టిదే. అన్నిటికంటె వింత జనరల్ మోటార్స్‌వారి 1973 నాటి ట్రక్కులది. కంపెనీలో దానికి "రౌండెడ్ లైన్", అనగా గుండ్రని వరుస యని పేరు. తరువాత 1988 నాటి నమూనా నున్నగా వచ్చినది. దాని ప్రక్కన నిలిపి చూచిన జనులకు పాతది పెట్టెవలె కనబడినది. దానిని "స్క్వేర్ బాడీ", చదరపు ఒడలిది, అనిరి. కంపెనీ గుండ్రమన్నది లోకములో చదరమై నిలిచినది.

ఇంతవఱకు మేము రాజీపడితిమి. ఒక్కచోట మాత్రము పడలేదు. డాడ్జివారి "పవర్ వాగన్" సైన్యపు ట్రక్కు నాధారముగా చేసికొని 1946లో పల్లెలకు వచ్చినది. నాలుగు చక్రములకును బలమిచ్చు బండి. దాని ఇంజను శక్తిని బయటికి త్రిప్పి ఱంపములు ఆడించిరి, మోకుతో మ్రాకుల నీడ్చిరి. ఆ పేరు కష్టము చేసి సంపాదించుకొన్న పేరు. 1970ల చివరి భాగమున ఆ కంపెనీయే తన ట్రక్కులను కొన్నిటిని పెద్దల యాటబొమ్మలని ప్రకటించెను. ఎఱ్ఱని రంగును, లారీలకువలె నిటారుగా నిలిచిన పొగగొట్టములును గల "లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్" 1978, 1979 సంవత్సరములలో వచ్చినది అట్టిదే. అది యెట్లున్నను, పవర్ వాగన్ అను పాత పేరునకు ముందు "మాచో" అని తగిలించిరి. మగటిమి యని దాని యర్థము. చలిలో వణకు తోలువానిని తలచుకొన్న ప్రకటన, ముప్పదియేండ్లు తిరుగకమునుపే మగవాని మీసమును దువ్వుటకు దిగినది. పనిముట్టునకు మగ, ఆడ భేద మెక్కడిది? పారకు కలదా?

ఈ మాట ఫోనులో నన్నప్పుడు మా మేనకోడలు నవ్వినది. "పెట్రోలు పోయించుకునే చోట ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు మామయ్యా, ఇది మీ ఆయన బండా అని. ఆయనకు గేరు బండి నడపడమే రాదు" అన్నది.

సరియైన యద్దము పోయిన శ్రావణమున వచ్చినది. పొరుగు వృద్ధుడును, ఆమె కూతురును సాయము పట్టగా తానే రబ్బరు బిగించి యమర్చుకొన్నదట. బండి చిత్రము పంపినది. దానిలో సామాను పెట్టుకొను చిన్న అఱ తలుపు తెఱచియున్నది. లోపల అంటించిన కాగితముమీద, ఇకమీద ఈ బండి యెవరి చేతికి వచ్చినను పనికివచ్చునట్లు, ఇంగ్లీషులోను దాని క్రింద తెలుగులోను పెద్ద యక్షరములతో వ్రాసియున్నది: "1955 మొదటి రకము. అడ్వాన్స్ డిజైన్. అద్దము ఒకే పలక." దానిక్రింద ఆమె కూతురి వంకర వ్రాతలో ఇంకొక పేరు కూడ కలదు, తాతబండి యని.